టోపీ తీస్తే పడిపోవాలి

ఆదివారం పొద్దున జెనెక్ వంటగది బల్ల మీద పాత పేపరు పరుచుకుని ఉక్కుజోడు అడుగును ఆకురాయితో రుద్దుతున్నాడు. మోటారుసైకిలు పందేల్లో ఎడమ బూటు కింద తొడిగే జోడు అది. మలుపులో బండి అడ్డంగా జారుతుంటే మనిషి బరువంతా ఆ కాలి మీదే నేలను ఒరుసుకుంటూ పోతుంది. మిగతా ఆటగాళ్ల జోళ్లు వేళ్ల దగ్గర అరుగుతాయి. జెనెక్ జోడు మడమ దగ్గర, పక్కల కూడా అరిగిపోయింది. పడేవాడి జోడు అలాగే అరుగుతుంది.

పొయ్యి మీద కోడి పులుసు ఉడుకుతోంది. అయినా ఆ ఇంట్లో కాలిన ఆముదం వాసనే పైకి తేలుతుంది. ఇంజన్లలో పోసే ఆముదం అది. పరదాల్లో, దుప్పట్లలో, రొట్టెల డబ్బాలో కూడా చేరింది. ఎన్నిసార్లు ఉతికినా పోలేదు. ఉతకడం మానేసి చాలా కాలమైంది.

జెనెక్‌కు నలభై దాటాయి. వారమంతా కాలనీ బాయిలర్ గదిలో బొగ్గు వేస్తాడు, ఆదివారం ఇస్క్రా క్లబ్బు తరఫున బండి నడుపుతాడు. భుజం దగ్గరి కాలర్ ఎముక రెండుసార్లు విరిగి వంకరగా అతుక్కుంది. చొక్కా కింద అది ముడిలా కనిపిస్తుంది. కింది పళ్లలో మూడు లేవు. చూపుడు వేలు వంగదు. ఇవన్నీ చూసి తెలియనివాళ్లు అతన్ని ధైర్యవంతుడనుకుంటారు. ఆ ఊళ్లో తెలియనివాళ్లు లేరు.

ఆ ఆటలో పందేనికి నలుగురు దిగి నాలుగు చుట్లు తిరుగుతారు. ఇద్దరు సొంత ఊరి క్లబ్బువాళ్లు, ఇద్దరు బయటివాళ్లు. ఎవడైనా పడి లేవకపోతే ఎర్రదీపాలు వెలుగుతాయి, పందెం ఆగుతుంది. పడ్డవాణ్ని తీసేసి మిగతా ముగ్గురితో మళ్లీ మొదలుపెడతారు. క్లబ్బు మొనగాడు వెనకబడినప్పుడు, అతనితో దిగిన పనికిరానివాడు పడి అలాగే పడుకుంటే మొనగాడికి ఇంకో అవకాశం దొరుకుతుంది. ఇస్క్రాలో ఆ పనికిరానివాడు జెనెక్. మేనేజరు వ్రోనా బండ్ల దొడ్డి గేటు దగ్గర పెట్టె మీద నిలబడి టోపీ తీస్తాడు. టోపీ తీస్తే పడిపోవాలి. ఇరవయ్యేళ్లుగా టోపీ తీసినప్పుడల్లా జెనెక్ పడ్డాడు. అందరికీ తెలుసు, రిఫరీలకు కూడా. అతను పడగానే జనం “దిండు, దిండు” అని అరుస్తారు. కొందరు ఇంటి నుంచి చిన్న దిండ్లు తెచ్చి బాట మీదికి విసురుతారు. బాయిలర్ గదికి వెళ్తుంటే దారిలో పిల్లలు కూడా అరుస్తారు. జెనెక్ చెయ్యి ఊపుతాడు.

భార్య బోజెనా పులుసులో కారెట్ ముక్కలు వేసి, అటు తిరిగే అంది.

“ఇవాళ నేనూ వస్తాను.”

జెనెక్ ఆకురాయి ఆపాడు. ఆమె స్టేడియం మెట్లెక్కి పదకొండేళ్లయింది. ఆ రోజు అతను రెండో మలుపులో పడి కదలకుండా పడుకున్నాడు. ఆమె కేకలు పెడుతూ కంచె దూకింది. తీగ గుచ్చుకుని అరచెయ్యి చీరుకుపోయింది. బురదలో పడుతూ లేస్తూ వచ్చి అతని పక్కన మోకాళ్ల మీద కూలబడింది. అతను హెల్మెట్ లోంచి ఆమెకు కన్ను గీటాడు. ఆమె కాసేపు అతన్నే చూసింది. తర్వాత చేతి నెత్తురు అతని ఛాతీ మీదే తుడుచుకుని లేచి వెళ్లిపోయింది. స్టేడియమంతా నవ్వింది.

“ఎందుకులే. గెలిచేదేం లేదు,” అన్నాడు జెనెక్.

“గెలవమని అడగలేదు. నీ ఆఖరి పోటీ. ఒక్కసారి చివరిదాకా బండి మీద ఉండు. చూస్తాను.”

“సరే.”

“నీ సరేలు నాకు తెలుసు. పడుకోనని చెప్పు.”

“పడుకోను.”

“వ్రోనా టోపీ తీసినా?”

“తీసినా.”

ఆమె పొయ్యి మంట తగ్గించింది. “పడుకుంటే నేను మళ్లీ ఈ ఇంటికి రాను జెనెక్. ఓపోలేలో అక్క దగ్గరికి పోతాను. కోపంతో అనడం లేదు. బట్టలు సర్దేశాను.”

పడకగది తలుపు పక్కన సూట్‌కేసు ఉంది. అతను ఇందాక దాన్ని దాటుకునే వచ్చాడు, అడగలేదు. అడగడం అతనికి చేతకాదు. పెళ్లయిన ఏడో ఏట బోజెనా అనాథాశ్రమంలో ఒక పాపను చూసి వచ్చింది. తెచ్చుకుందామంది. జెనెక్ సరే అన్నాడు. అతని తల్లి వద్దంది. ఆమెకూ సరే అన్నాడు. ఆ పాప కోసం కొన్న మంచాన్ని చాలా కాలం తర్వాత అతనే విడదీసి నేలమాళిగలో పెట్టాడు. మేకులన్నీ జాగ్రత్తగా సీసాలో వేశాడు. దాని గురించి బోజెనా ఒక్క మాట అనలేదు. అందుకు అతను లోలోపల సంతోషించాడు.

బయల్దేరేటప్పుడు ఆమె కుర్చీ మీది గళ్ల దిండు తీసి చంకలో పెట్టుకుంది. జెనెక్ ముఖం చూసి, “బల్లలు చల్లగా ఉంటాయి. అంతే,” అంది.

స్టేడియంలో బల్లలు చల్లగానే కాదు, జిడ్డుగా కూడా ఉన్నాయి. పోయిన పోటీనాటి ఆవాల ముద్ద ఇంకా ఎండి అతుక్కునే ఉంది. జనం పొద్దుతిరుగుడు గింజలు కొరికి పొట్టు ముందువాడి వీపు మీదికి ఉమ్ముతున్నారు. ముందువాడు దులుపుకుని ఇంకా ముందువాడి మీద ఉమ్ముతున్నాడు. కంచె వెంట బీరు తాగినవాళ్లు వరసగా నిలబడి ఉచ్చ పోసుకుంటున్నారు. మైకులో క్లబ్బు అధ్యక్షుడు ఊరి పరువు గురించి మాట్లాడుతున్నాడు. ఇవాళ ఓడితే ఇస్క్రా కింది లీగులోకి జారిపోతుంది. పోయిన వారం ఇదే అధ్యక్షుడు తన అల్లుడి కోసం ఇంకో ఊరి క్లబ్బులో చోటు చూసి వచ్చాడు. ఆ సంగతీ అందరికీ తెలుసు. అయినా చప్పట్లు కొట్టారు.

దొడ్డిలో షుల్ట్స్ తన బండి మీద కూర్చుని బబుల్‌గమ్ నములుతున్నాడు. ఇరవై నాలుగేళ్లవాడు, ఇస్క్రా మొనగాడు. అతని సెంటు వాసన పెట్రోలు వాసనను కూడా మింగేస్తోంది. అతను స్పానరు పట్టుకోవడం ఎవరూ చూడలేదు.

“ఏం తాతా, ఇవాళ ఏ మలుపులో పక్క వేయమంటావు?” అన్నాడు.

చుట్టూ ఉన్న మెకానిక్కులు నవ్వారు. జెనెక్ కూడా నవ్వాడు. నవ్వాక నోరు చేదుగా అనిపించి పక్కకు ఉమ్మేశాడు.

మొదటి పందెంలో షుల్ట్స్ గెలిచాడు. జెనెక్ ముందు వెళ్లేవాళ్ల చక్రాలు విసిరిన మట్టిని ముఖాన వేసుకుంటూ మూడోవాడిగా వచ్చాడు. తర్వాతి పందేలు చూడలేనట్టున్నాయి. చెక్ దేశం నుంచి అద్దెకు తెచ్చిన ఆటగాడి ఇంజను రెండో చుట్టులో పొగ కక్కింది. దాన్ని తోసుకుంటూ వచ్చి విమానానికి టైమెంతని అడిగాడు. మాచెయెక్ అన్నదమ్ములిద్దరూ బయటివాళ్లను వదిలేసి ఒకరికొకరు అడ్డంపడ్డారు. మెట్ల మీద ఒక ముసలాయన ఇస్క్రా కండువా మెడలోంచి తీసి దానితోనే ముక్కు చీదుకున్నాడు.

బోజెనా రెండో మలుపు దగ్గర, దొడ్డి గేటుకు పైన, నాలుగో వరసలో కూర్చుంది. పదకొండేళ్ల కిందట కూర్చున్న చోటే. చేతులు సంచీ మీద మడిచి ఉన్నాయి. చుట్టూ ఉన్నవాళ్లలా ఆమె నోరు ఏమీ నమలడం లేదు.

రెండోసారి జెనెక్ దిగినప్పుడు షుల్ట్స్ ఆరంభంలోనే నాలుగో చోటికి పడిపోయాడు. జెనెక్ మూడు. బయటివాళ్లు ఇద్దరూ ముందు. రెండో మలుపు తిరుగుతుంటే వ్రోనా పెట్టె మీద కనిపించాడు. టోపీ తీసి పొట్ట దగ్గర పట్టుకున్నాడు, చర్చిలో పట్టుకున్నట్టు. జెనెక్ ఎడమకాలు మడత పడబోయింది. పళ్లు బిగించి హ్యాండిల్‌ను లాగి పట్టుకున్నాడు. పడలేదు. తర్వాతి చుట్టులోనూ టోపీ అక్కడే ఉంది. అప్పుడూ పడలేదు.

పందెం ముగిశాక నెమ్మదిగా తిరిగి వస్తూ పైకి చూశాడు. బోజెనా సంచీ మీది నుంచి ఒక చెయ్యి ఎత్తింది, ఛాతీ దాకా. అంతే. జెనెక్ కళ్లజోడు పైకి తోసి కళ్లు తుడుచుకున్నాడు. మట్టే అనుకున్నాడు.

వ్రోనా అతని కోసం గేటు దగ్గరే కాచుకుని ఉన్నాడు. మెడ మడతల్లోంచి చెమట కారుతోంది.

“కళ్లు పోయాయా?”

“చూశాను.”

“చూసి?”

“పడబుద్ధి కాలేదు.”

“వినండర్రా,” అన్నాడు వ్రోనా మెకానిక్కులతో. “ఇరవయ్యేళ్లకు ఈయనగారికి బుద్ధి పుట్టిందట. అదీ ఇవాళే పుట్టాలి.”

ఎవరూ నవ్వలేదు. ఓడిపోతున్నారు. షుల్ట్స్ గ్లవ్స్ విసిరేసి, ఈ ముసలాడితో మళ్లీ దిగనన్నాడు. వ్రోనా అతన్ని బుజ్జగించి, తర్వాత జెనెక్ భుజం మీద చెయ్యి వేశాడు. ఉల్లిపాయ, బీరు కలిసిన ఊపిరి ముఖానికి తగిలింది.

“జెనెక్, నీకూ నాకూ మధ్య ఏముందిరా. నిన్ను ఇన్నాళ్లు ఎవడు ఉంచుకున్నాడు? ఇంకెవడైనా ఉంచుకునేవాడా? ఇంకోసారి తీస్తే పడు. ఊరు ఊరంతా చూస్తోంది. సరేనా?”

“సరే,” అన్నాడు జెనెక్.

ఆ మాట తన నోటి నుంచే వచ్చిందని అతనికి ఒక్క క్షణం ఆగి తెలిసింది. వెనక్కి తీసుకుందామనుకున్నాడు. వ్రోనా అప్పటికే వెళ్లిపోయాడు.

చివరి పందేనికి వచ్చేసరికి ఒక్కటే దారి మిగిలింది. ఇస్క్రా వాళ్లిద్దరూ మొదటి రెండు చోట్లలో వస్తే గట్టెక్కుతుంది, లేకపోతే లేదు. ఉన్నవాళ్లలో షుల్ట్స్ ఒక్కడే పనికొచ్చేవాడు. రెండోవాడిగా జెనెక్‌ను దించారు. చెక్‌వాడి బండి కదలదు, మాచెయెక్‌లలో పెద్దవాడు మోచెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. ఇంకెవరూ లేరు.

ఆరంభ గీత దగ్గర అడ్డంగా కట్టిన నాడాలు పైకి లేచాయి. బయటివాళ్లిద్దరూ షుల్ట్స్‌నే చూస్తూ అతని మీదికి వాలారు. లోపలి గీత వెంట ఖాళీ వచ్చింది. జెనెక్ అందులోంచి వెళ్లిపోయాడు. మొదటి మలుపు దాటాక గాని అతనికి అర్థం కాలేదు, ముందు ఎవరూ లేరు. ముఖానికి మట్టి తగలడం లేదు. కళ్లజోడు శుభ్రంగా ఉంది. ఇరవయ్యేళ్లలో ఆ బాటను అతను ఎప్పుడూ అంత తేటగా చూడలేదు. నున్నగా, తడిగా, ఖాళీగా, ఒక్క గాడి కూడా లేకుండా ఉంది. వెనక షుల్ట్స్ బయటివాళ్లను దాటుకుని రెండోవాడయ్యాడని జనం కేకను బట్టి తెలిసింది. ఇస్క్రా ఒకటి, రెండు. ఊరు బయటపడింది. ఇంకో చుట్టు, ఇంకో చుట్టు.

మూడో చుట్టులో రెండో మలుపు. బోజెనా లేచి నిలబడింది. నోరు తెరిచి ఏదో అరుస్తోంది, అతని పేరే అయ్యుండాలి. ఆమె కింద, గేటు దగ్గర, పెట్టె మీద వ్రోనా.

చేతిలో టోపీ ఉంది.

జెనెక్ ఏమీ ఆలోచించలేదు. ఎడమకాలు దానంతటదే మడత పడింది, చెయ్యి దానంతటదే వదిలేసింది. బండి అతని కింద నుంచి జారి కంచెకు కొట్టుకుంది. అతను దొర్లి, ఎప్పటిలాగే కుడి చెంప నేలకు ఆనించి, మోకాళ్లు కాస్త ముడుచుకుని పడుకున్నాడు. అలా పడుకోవడం అతనికి చాలా బాగా వచ్చు. షుల్ట్స్ అతన్ని తప్పించబోయి గడ్డిలోకి పోయాడు. ఎర్రదీపాలు వెలిగాయి.

 తర్వాత ఎవడో ఒకడు మొదలుపెట్టాడు. దిండు, దిండు. ఈసారి నవ్వు లేదు అందులో. బీరు సీసాలు పడ్డాయి. ఒక దిండు వచ్చి అతని నడుం మీద పడింది.

నేల మీద నుంచి జెనెక్ ఒక కన్ను తెరిచి పైకి చూశాడు. బోజెనా కంచె వైపు రాలేదు. కోటు గుండీలు పెట్టుకుంది, కింది నుంచి పైదాకా, ఒక్కటీ వదలకుండా. సంచీ మోచేతికి తగిలించుకుంది. అరుస్తున్న మనుషుల మోకాళ్లు తప్పించుకుంటూ, క్షమించమని అడుగుతూ వరస దాటింది. మెట్లెక్కింది. వెనక్కి తిరగలేదు. ఆమె వెళ్లడం అతను తప్ప ఎవరూ చూడలేదు.

వ్రోనా బురదలో పరుగెత్తుకొచ్చాడు. టోపీ ఇంకా చేతిలోనే ఉంది.

“ఎందుకు పడ్డావురా?” గొంతు చీరుకుపోయింది అతనికి. “ముందున్నావు కదరా వెధవా, గెలుస్తున్నావు కదరా.”

“టోపీ తీశావు,” అన్నాడు జెనెక్.

వ్రోనా చేతిలోని టోపీని చూసుకున్నాడు. ఎవరిదో అన్నట్టు చూశాడు. “సంతోషంతో ఊపానురా,” అన్నాడు. తర్వాత దాన్ని తలకు పెట్టుకోలేదు, విసరలేదు. చేతిలో నలుపుతూ నిలబడ్డాడు.

జెనెక్‌ను తీసేసి ముగ్గురితో మళ్లీ నడిపారు. బయటివాళ్లిద్దరూ షుల్ట్స్‌కు దారి మూసి, నాలుగు చుట్లూ వెనకే ఉంచారు. ఇస్క్రా జారిపోయింది. అధ్యక్షుడు మైకులో వచ్చే ఏడాది గురించి మాట్లాడబోతే మైకు పనిచేయలేదు.

జనం పోయారు. ఊడ్చేవాళ్లు పొట్టును కుప్పలు చేస్తూ, జెనెక్‌ను చూసి చీపుళ్లు ఆపి, మళ్లీ మొదలుపెట్టారు. ఉక్కుజోడు విప్పకుండానే అతను మెట్లెక్కాడు. ఎక్కుతుంటే ఎడమకాలు ఒక్కటే కాంక్రీటు మీద టక్‌మంటోంది. రెండో మలుపు, నాలుగో వరస. అటూ ఇటూ పొట్టు, ఆవాల ముద్ద, నలిగిన గ్లాసులు. వాటి మధ్య ఒక మనిషి పట్టేంత చోటు మాత్రం శుభ్రంగా ఉంది, కూర్చునే ముందు ఆమె తుడిచినట్టుంది. అక్కడ గళ్ల దిండు ఉంది, మధ్యలో ఆమె కూర్చున్న పల్లం ఇంకా పూడలేదు.