తడిగుడ్డ

“నీ సెయ్యి తగిలితే సాలు, నడిసేది కూడా ఆగిపోద్ది” అన్నాడు ధనరాజ్, చొక్కా గుండీలు పెట్టుకుంటూ.

కోపంగా అనలేదు. వానొచ్చేలా ఉంది, గొడుగేదీ అన్నంత మామూలుగా అన్నాడు. కోపంలో అన్న మాటైతే శాంతికుమారి దాన్ని గుమ్మం దగ్గరే వదిలేసి తన పని చూసుకునేది. మామూలుగా అన్న మాట అలా వదలదు. వెనకాలే వంటింట్లోకి వచ్చి పొయ్యి పక్కన కూర్చుంటుంది. బియ్యం కడుగుతుంటే చూస్తుంది. గిన్నె తోముతుంటే చూస్తుంది. ఇదిగో, ఇప్పుడు ఇది కూడా పగలగొడతావు అంటుంది.

ఆ మాట పుట్టింది ముందుగదిలో బల్లమీదున్న నల్లటి వీడియోగేమ్ మెషిన్ దగ్గర. ధనరాజ్ దాన్ని వైజాగ్‌లో ఎవరి దగ్గరో పాతది కొని తెచ్చుకున్నాడు. అతనిది అనకాపల్లి బెల్లం మార్కెట్‌లో గుమస్తా పని. సాయంత్రం ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని, మచ్చుకు తెచ్చిన బెల్లం ముక్కలు జేబులోంచి తీసి పక్కన పెట్టుకుని టీవీ ముందు కూర్చుంటే, అన్నానికి పిలిచేదాకా కార్ల పందేలే. మెషిన్ మీద దుమ్ముంటే “రోజంతా ఇంట్లో ఉండి ఏటి సేత్తావు?” అనేవాడు. తుడిస్తే “దాన్ని ముట్టుకోవద్దన్నానా?” అనేవాడు. దుమ్ము ఉండకూడదు, చెయ్యి తగలకూడదు. ఆ రెండూ కలిపి ఎలా చెయ్యాలో పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆమెకు ఎవరూ చెప్పలేదు.

శ్రావణమాసంలో ఒకరోజు, పైన జిగురుగా ఉందని తడిగుడ్డతో తుడిచింది. ఆ సాయంత్రం మెషిన్ లేవలేదు.

“నీళ్ళోసి కడిగేసింది నీ పెళ్ళాం” అంది అత్త అప్పలనర్సమ్మ, కళ్ళారా చూసినట్టు. “మొన్న మిక్సీ. అంతకుముందు గోడ గడియారం. దీని సేతిలో ఏటి నిలబడతాది?”

గడియారంలో బ్యాటరీ అయిపోయింది. మిక్సీ ఏళ్ళ తరబడి తిరిగి తిరిగి అలిసిపోయింది. ఆ సంగతి శాంతికుమారికి తెలుసు. మెషిన్ విషయంలో మాత్రం ఆమెకు నోరు లేవలేదు. తుడిచిన మాట నిజం కదా. ఆ రోజునుంచి మనసులో ఆ గుడ్డను పిండుతూనే ఉంది. గట్టిగా పిండానా? అప్పుడే కుక్కర్ కూత వేసింది, సగం పిండి పరిగెత్తానేమో? బట్టలు ఉతుకుతున్నా అదే గుడ్డ. పిండి రుబ్బుతున్నా అదే గుడ్డ. ఎంత పిండినా ఇంకో చుక్క కారుతూనే ఉండేది.

ఇంట్లో మాటలతో పోతే పోనీ అనుకునేది. కాలేజీ రోడ్డులో జెరాక్స్ షాపు పెట్టిన కనకమహాలక్ష్మి, ఇంటర్ చదువుకుంది కదా అని శాంతికుమారిని పనికి రమ్మంది. పగటిపూట షాపు చూసుకోవాలి, మెషిన్ నడపడం తనే నేర్పుతుంది. ధనరాజ్ ఆ మాట విని నవ్వాడు. “ఆడుకునే మెషినే బతకలేదు నీ దగ్గర. అంతేసి జెరాక్స్ మెషిన్ని బతకనిత్తావా?” అత్త కూడా నవ్వింది. వాళ్ళు నవ్వినందుకు కాదు ఆమె బాధ. లోపల్లోపల తనకూ అది నిజమే అనిపించింది. పరాయివాళ్ళ వస్తువు పాడుచేస్తే మొహం ఎక్కడ పెట్టుకోవడం?

ఆ మధ్యాహ్నం పక్కింటి చిన్నమ్మలు వచ్చింది. ఇంట్లో కుట్టుమిషన్ పెట్టుకుని జాకెట్లు కుట్టే మనిషి. అత్త వీధి అరుగుమీద కూర్చుని చింతపండులో పిక్కలు తీస్తోంది.

“సాయంత్రంలోపు మాట సెప్పమంది కనకమాలచ్చి. లేపోతే ఇంకో పిల్లని ఎట్టుకుంటాదట. ఏటంటావు?”

“ఏటి చెప్పను వదినా? నా చేతులు...”

“నీ సేతులకేటైంది? గోరింటాకెట్టుకున్నావా?”

శాంతికుమారికి నవ్వు రాలేదు. బల్లవైపు చూసింది. పీకలదాకా ఉన్నది ఒక్కసారి బయటికి వచ్చేసింది.

“వదినా, నీ మిషన్ స్క్రూడ్రైవర్ ఓసారిస్తావా? దాన్ని విప్పుతాను. నీళ్ళే అయితే నీళ్ళే. నేనే పాడుచేసేనో లేదో నాకు తెలవాలి.”

“ఓలమ్మా! మీ ఆయన సూత్తే?”

“చచ్చినదాన్ని మళ్ళీ చంపుతానేటి?”

చిన్నమ్మలు స్క్రూడ్రైవర్, నూనె డబ్బా తెచ్చి ఇచ్చింది. “ఇదిగో, తిప్పడం తక్కువ, అదమడం ఎక్కువ. సేత్తో కాదు, బుజంతో అదుము” అని చెప్పి, జాకెట్టుకి మనిషొచ్చి కూర్చుందంటూ వెళ్ళిపోయింది.

శాంతికుమారి వైర్లు పీకేసి, పాత చీర మడతపెట్టి నేలమీద పరిచి, మెషిన్‌ను దానిమీద బోర్లించింది. స్క్రూలు ఎక్కడా కనిపించలేదు. వేళ్ళతో తడిమితే అడుగున చిన్న చిన్న మూతల కింద దాక్కుని ఉన్నాయి. గోటితో మూతలు లేపింది. భుజం బరువంతా వేసి అదిమి, మెల్లగా తిప్పింది. కిర్రుమని మొదటిది కదిలింది. దాని వెనకే మిగతావీ ఒక్కొక్కటీ వచ్చాయి. స్టీలు గిన్నెలో వేస్తుంటే టంగుటంగుమన్నాయి.

ఒక్క మూల స్క్రూ మాత్రం రానంది. దాని మూత అంతకుముందే ఊడిపోయింది, నెత్తిమీద గాట్లు అరిగి నున్నగా అయిపోయాయి. ధనరాజ్ ఒక ఆదివారం వంటింటి చాకుతో కుస్తీ పట్టింది దీనితోనే. “నీళ్ళు దిగి తుప్పట్టేసింది, సూడు నీ నిర్వాకం” అంటూ, మొన వంగిపోయిన చాకును ఆమె చేతిలోనే పెట్టాడు. ఆ వంకర చాకుతోనే ఆమె ఇప్పటికీ వంకాయలు తరుగుతోంది.

కన్నంలోకి వంగి చూసింది. స్క్రూ చుట్టూ ముదురు గోధుమరంగులో ఏదో గడ్డకట్టి ఉంది. తుప్పే. అయితే ఆయనన్నదే నిజం.

అన్నీ మళ్ళీ బిగించేసి, ఏమీ ఎరగనట్టు బల్లమీద పెట్టేయొచ్చు. చెయ్యి గిన్నెదాకా వెళ్ళి ఆగింది. ఇంతదాకా వచ్చి సగం తెలుసుకుని ఊరుకోవడం ఆమెవల్ల కాలేదు. నూనె చుక్క వేసి చూసింది, కదల్లేదు. కరివేపాకు కట్టకున్న రబ్బరుబ్యాండు తీసి, అరిగిన నెత్తిమీద పరిచి పట్టు దొరుకుతుందేమోనని తిప్పింది, జారిపోయింది. మరి స్టీలు డబ్బా మూత బిగుసుకుపోతే ఏం చేస్తుంది తను? పొయ్యిమీద సెగ చూపిస్తుంది.

స్క్రూడ్రైవర్ మొనను గ్యాస్ మంటమీద కాల్చి, పిడిని మసిగుడ్డతో పట్టుకుని తెచ్చి, కన్నంలో అదిమి ఉంచింది. సుయ్యిమంది. సన్నగా పొగ లేచింది. పొగతోపాటు వాసన.

శాంతికుమారి ఇంకాస్త వంగింది. తుప్పుకు ఈ వాసన రాదు. ఇది పొయ్యిమీద బెల్లం కరిగి ముదురుపాకం అవుతున్నప్పటి వాసన. అది తెలియని ముక్కు ఆ ఊళ్ళోనే లేదు.

కాస్త చల్లారనిచ్చి, మళ్ళీ రబ్బరుబ్యాండు పరిచి, భుజంతో అదిమి తిప్పింది. ఒక్క క్షణం మొరాయించి, మెత్తగా, పాకంలోంచి గరిటె కదిలినట్టు స్క్రూ కదిలింది.

మెషిన్‌ను తిప్పి పెట్టి పైడొప్ప ఎత్తింది. గాలికోసం ఉన్న కన్నాల కింద, లోపలి పచ్చటి సర్క్యూట్ రేకుమీద, బెల్లం కారి గట్టిపడి ఉంది. అందులో అతుక్కుపోయి చచ్చిన చీమలు. ఆ ధార అలా పాకి మూల స్క్రూ కన్నంలోకి దిగింది.

వానాకాలంలో బెల్లం చెమ్మ పట్టి కారిపోతుంది. ధనరాజ్ మచ్చు ముక్కలన్నీ తెచ్చి ఆ మెషిన్ మీదే పేర్చేవాడు. “ఆడుతున్నంతసేపూ ఇది ఎచ్చగా ఉంటాది. పొయ్యి మీద అటక కన్నా ఇదే నయం” అని తల్లికి గొప్పగా చెప్పడం తను విన్నదే. ఆ రోజు తను తుడిచింది ఆ జిగురే. పొడిగుడ్డతో పోదని గుడ్డ తడిపింది.

శాంతికుమారి అలాగే నేలమీద కూర్చుండిపోయింది. ముందు నవ్వొచ్చింది. తర్వాత కళ్ళలో నీళ్ళొచ్చాయి. మళ్ళీ నవ్వొచ్చింది. ఒళ్ళో ఉన్న తన రెండు చేతులనూ తిప్పి చూసుకుంది. నూనె, మసి, వేలిమీద చిన్న కాలిన మచ్చ. మంచి చేతులే.

“పాకం వాసనొత్తన్నాదేటే?” అంటూ అత్త లోపలికి వచ్చింది. నేలమీద విప్పి ఉన్నది చూసి గుండెలమీద చెయ్యి వేసుకుంది. “ఓలమ్మో, కొంప ముంచేవే! ఆ సీమలేటి, ఆ బెల్లమేటి? లెగు, తడిగుడ్డట్టుకొచ్చి తుడువు, ఆడొచ్చేత్తాడు!”

అలవాటుకొద్దీ శాంతికుమారి లేచింది. బకెట్‌లో ఉన్న గుడ్డ తీసింది. చుక్క మిగలకుండా పిండింది. తీసుకెళ్ళి దండెంమీద ఆరేసింది.

“తుడవ్వేటి?”

“తుడవను అత్తమ్మా. అది మీ అబ్బాయి దాచుకున్న బెల్లం. ఆయనొచ్చి చూసుకోవాలి.”

సబ్బుతో చేతులు కడుక్కుంది. చీర మార్చుకుంది. గోడమీంచి స్క్రూడ్రైవర్ అందిస్తూ, “కనకమహాలక్ష్మికి నువ్వేటీ చెప్పక్కర్లేదు వదినా, నేనే వెళ్ళి చెప్తాను, రేపట్నుంచి వత్తానని” అంది. చిన్నమ్మలు అటువైపు నుంచి ఏదో కేకేసి నవ్వింది.

శాంతికుమారి గుమ్మందగ్గర చెప్పులు వేసుకుంటుంటే అత్త వెనకాలే వచ్చింది. గొంతులో మునుపటి బిగువు లేదు.

“మరి ఆడొచ్చి అడిగితే నానేటి సెప్పనే?”

“ముట్టుకోవద్దన్నారు కదా” అంది శాంతికుమారి. “ఆ బెల్లాన్ని నేను ముట్టుకోలేదని చెప్పండి.”