పన్నెండో తారీఖున కప్పు విప్పాం

మా అక్క మొగుడికి ఆకాశం అంటే సొంత పెరడు కింద లెక్క. వాతావరణ ఆఫీసులో ఉద్యోగం. మేం ఆరేసిన బట్టలు తడిసినా తనకే చెడ్డపేరని అతని బాధ. అక్క ఎదురుగా ఏమీ అనదు. నేను మాత్రం ఇంద్రుడని పిలుస్తాను. పైకి విసుక్కుంటాడు గానీ లోపల ముచ్చటే.

ఆ వేసవిలో అమ్మ స్నానాలగది గుమ్మంలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. డాక్టరు ఆమె మంచానికి ఇనప చట్రం బిగించాడు. కాలికి తాడు కట్టి, తాడు చివర బరువులు వేలాడదీసి, ఎముక అతుక్కునేదాకా మంచం కదిపితే నాకు సంబంధం లేదని చెప్పి వెళ్ళాడు. కదపాలన్నా ఆ చట్రంతో అది గుమ్మంలో పట్టదు. వెల్లకిలా పడుకుని పైకి చూడడం తప్ప పనిలేక, అమ్మ మేమెవరం చూడనిది చూసింది.

"ఏమే, ఆ దూలానికి నిన్న ఇంత పగులు లేదే!" అంది ఓ పొద్దున్న.

పని తోచక ఏదో అంటోందని కొట్టిపారేశాను. అమ్మ వదిలే రకమా? చివరికి పెంకుల మేస్త్రిని పిలిపించాను. అతను నిచ్చెన ఎక్కి దూలాన్ని వేలితో పొడిస్తే వేలు లోపలికి పోయింది. చెదలు లోపలంతా తినేసి, పైపొర మాత్రం మర్యాదకి వదిలేశాయి.

"తడిసిన పెంకుల బరువుకి ఇది ఆగదమ్మా. తొలి పెద్దవానకే కూర్చుంటుంది," అన్నాడు.

కూర్చునేది సరిగ్గా అమ్మ మంచం మీదే.

పెంకులు విప్పి, దూలం మార్చి, మళ్ళీ పేర్చాలంటే పొద్దుటి నుంచి పొద్దుగుంకే దాకా పని. మధ్యలో ఆపడానికి లేదు. చీకట్లో మేస్త్రి పైకెక్కడు. లైట్లు పెడితే ఎవరి నీడ వాళ్ళ కాళ్ళకే అడ్డం పడుతుందంటాడు. కాబట్టి పొడిగా, పొడుగ్గా ఉండే పగలు ఒకటి కావాలి. అలాంటి పని మా ఇంద్రుడికి కాక ఎవరికి చెబుతాం?

రెండ్రోజులు ఆఫీసులో పాత రిజిస్టర్లన్నీ తిరగేసి, మూడోనాడు ఛాతీ విరుచుకుని వచ్చాడు.

"పన్నెండో తారీఖు ఖాయం చేసుకో మరదలా. మా ఆఫీసు పుట్టినప్పటి నుంచి రిజిస్టరులో ఆ తారీఖు వాన గడిలో సున్నాయే. పైగా ఏడాది మొత్తంలో పొద్దు బాగా పొడుగ్గా ఉండే రోజులివే. వాన మాట తప్పుతుందేమో గానీ పొద్దు తప్పదు."

"ఓ రోజు అటూ ఇటూ అయితేనో?"

"పదమూడు మాత్రం మహా చెడ్డది. ఏడాది విడిచి ఏడాది కురుస్తూనే ఉంది. మనకి దాంతో పనేముంది?"

పన్నెండో తారీఖు తెల్లవారుతూనే మేస్త్రి మనుషులు దిగారు. దుమ్ము పడకుండా అమ్మ మంచం చట్రానికి దుప్పటి కట్టాను. పెంకులు ఒక్కొక్కటే చేతులు మారి పెరట్లోకి దిగాయి. ఆ తర్వాత దూలం తాళ్ళ మీద మూలుగుతూ దిగింది. దుమ్ము సద్దుమణిగాక అమ్మ ఊరుకుంటేనా!

"ఆ దుప్పటి తీసెయ్యవే. ఆకాశం మొహం చూసి ఎన్నాళ్ళయింది!"

తీశాను. నీలంగా, ఒక్క మబ్బు తునక కూడా లేదు. అమ్మ కళ్ళు చిట్లించుకుని చిన్నపిల్లలా చూస్తూ పడుకుంది. మా బావని మనసులో మెచ్చుకున్నాను. ఆ మెచ్చుకోలు పట్టుమని పది నిమిషాలు కూడా నిలవలేదు. ఆఫీసులో ఉండాల్సిన మనిషి సైకిలు గోడకి పడేసి రొప్పుతూ వచ్చి, నన్ను వంటింట్లోకి లాక్కెళ్ళాడు.

"కొంప ముంచాను," అన్నాడు.

జరిగింది ఇదీ. వాళ్ళ ఆఫీసు పెరట్లో వాన కొలిచే డబ్బా ఉంది. రోజూ పొద్దున్న ఎనిమిదిన్నరకి అందులో నీళ్ళు కొలిచి ఆ రోజు తారీఖు కింద రాస్తారు. ఇవాళ డబ్బా పొడిగా ఉంది. పన్నెండో గడిలో సున్నా వేశాడు. వేస్తూ వేస్తూ చెయ్యి ఆగిపోయిందట. ఆ సున్నా నిన్న పగలూ రాత్రీ వాన పడనందుకు. ఇవాళ పడబోయేది రేపు పొద్దున్న కొలుస్తారు, రేపటి తారీఖు కింద రాస్తారు.

"ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ అంతే రాస్తున్నాను. అలవాటైపోయి అసలు తట్టలేదు," అన్నాడు.

"అంటే ఎప్పుడూ పొడిగా ఉండేది నిన్న."

"నిన్న."

"మహా చెడ్డదన్న పదమూడు ఇవాళ."

తల ఊపాడు. నా చేతిలో గరిటె ఉంది. దాన్ని పక్కన పెట్టడానికి నేను పడ్డ కష్టం నాకే తెలుసు. కోపం ఒక పక్క, భయం ఇంకో పక్క.

ఇంతలో లోపలి నుంచి అమ్మ గొంతు వినిపించింది. "కప్పులేని ఇంట్లో గుసగుసలేమిటే? అంతా వినబడుతూనే ఉంది. అతన్నేమీ అనకు. నేనేమైనా ఉప్పుబస్తానా, కరిగిపోవడానికి?"

కరగదు, నిజమే. కానీ కదల్లేదు కూడా. అమ్మ మంచం నడికప్పు కిందే ఉంది. పెంకులు చూరు దగ్గర మొదలుపెట్టి పైకి పేర్చుకుంటూ పోవాలి కాబట్టి, అందరికంటే ఆఖర్న మూసుకునేది ఆమె నెత్తి మీదే.

మేస్త్రికి చెప్పాం. అతను తలపాగా విప్పి మొహం తుడుచుకున్నాడు. "దూలం దించాక ఆపేదేముంది? టార్పాలిన్ పట్టా కడితే గాలివానకి ముందు అదే లేచిపోతుంది. వాన వచ్చేది మధ్యాహ్నమా సాయంత్రమా అది చెప్పండి. దాన్నిబట్టి మనుషుల్ని పెంచుకుంటాను."

డబ్బా ఎంత పడిందో చెబుతుంది గానీ ఎప్పుడు పడిందో చెప్పదు. అంతలోనే బావ ఏదో వెలిగినట్టు సైకిలెక్కాడు. వాళ్ళ ఆఫీసు డాబా మీద ఒక గాజు గోళం ఉంటుంది. ఎండ దాని గుండా పడి, వెనకున్న అట్టని గీతలాగా కాలుస్తుంది. మబ్బు కమ్మితే గీత తెగుతుంది. ఆ అట్ట మాత్రం రోజూ పొద్దుగుంకాక మారుస్తారు. కాబట్టి దాని మీద ఏ తారీఖుంటే ఎండ ఆ తారీఖుదే.

ఆ తర్వాత ఫోను మోగేదాకా నేను పెరట్లోకీ వంటింట్లోకీ ఎన్నిసార్లు తిరిగానో!

"దొరికాయి మరదలా! వాన పడ్డ ఏళ్ళ అట్టలన్నీ చూశాను. పన్నెండో తారీఖు గీత సాయంత్రం టీ వేళ దాకా కాలుతూనే ఉంది. ఒక్క ఏడాది కూడా ముందు తెగలేదు."

"ఇది మీ ఆఫీసు తారీఖా, మా ఇంటి తారీఖా?"

"ఇంటిదే. ఒట్టు." ఇక ఏడిపించబుద్ధి కాలేదు.

మేస్త్రి ఇంకో నలుగురిని రప్పించాడు. నడినెత్తిన ఎండ ఉండగానే కొత్త దూలం ఎక్కింది. అన్నాలు నిలబడే తిన్నారు. బావ సెలవు పెట్టి వచ్చి, ఇస్త్రీ చొక్కాతోనే వరసలో నిలబడి పెంకులు అందించాడు. అరచేతులు కొట్టుకుపోతున్నా మనిషి పక్కకి జరగలేదు.

రెండు వైపుల నుంచీ పెంకులు పైకి పాకుతుంటే అమ్మ ఆకాశం సన్నబడుతూ వచ్చింది. టీ వేళ దాటాక అది బూడిదరంగుకి తిరిగింది. గాలికి పెరట్లో ఆకులు సుడి తిరిగాయి. పైన ఇంకా మూరెడు సందు. రెండు వాలులూ కలిసే చోట కప్పే కొప్పు పెంకులు ఒకటొకటే కూర్చోబెడుతున్నారు. నేను అమ్మ పక్కన గొడుగు పట్టుకుని నిలబడ్డాను. ఇంట్లో గొడుగేమిటే అని అమ్మ నవ్వింది. ఆఖరి పెంకు కూర్చున్న చప్పుడూ, దాని మీద మొదటి చినుకు చప్పుడూ దాదాపు కలిసే వినిపించాయి.

ఇక చూడండి, దంచి కొట్టింది! మేస్త్రి నిలువునా తడిసి నిచ్చెన దిగాడు. అందరం తలలెత్తి కొత్త కప్పు కేసి చూస్తున్నాం. బావ మాత్రం వంగి అమ్మ దుప్పటంతా అరచేత్తో తడిమాడు. దిండు తడిమాడు, మంచం కింద నేల తడిమాడు.

"ఒక్క చుక్క లేదత్తయ్యా," అన్నాడు. అని, మంచం అంచున కూలబడి, దుప్పట్లో మొహం దాచుకుని వెక్కివెక్కి ఏడ్చాడు.

అమ్మ చెయ్యి చాచి అతని తల నిమిరింది.

"ఊరుకోండి బాబూ," అంది. "పక్క తడుస్తుంది."