నలభై ఒకటో పబ్బు

రెండు శనివారాలకోసారి, పదకొండు దాటగానే ఉజ్వల ఉన్ని స్వెటర్ తొడుక్కుని, మెడకి మఫ్లర్ చుట్టుకుని కారు తాళాలు తీసుకుంటుంది. జూలై ఎండకి జనం నిక్కర్లేసుకుని తిరుగుతున్నా సరే. మిషిగన్ రాష్ట్రం ఫార్మింగ్టన్ హిల్స్‌లో వాళ్ళ అపార్ట్‌మెంట్ల దగ్గర ఎదురుపడ్డవాళ్ళు "ఇవాళ ఏ పబ్బు?" అని అడుగుతారు తప్ప ఈ ఎండలో స్వెటరేమిటని అడగరు. మొగుడితో భోజనానికి వెళ్తోందని, ఆ మొగుడు జనవరిలో పోయాడని, ఆ జనవరి చలి ఇంకా ఒంటి మీద వేసుకునే తిరుగుతున్నాడని అందరికీ తెలుసు.

అతను బతికున్నప్పటి సంగతి ముందు చెప్పాలి. రఘువీర్ కార్ల బ్రేకులు చేసే కంపెనీలో క్వాలిటీ ఇంజనీరు. 2005లో చేరిన మొదటి వారమే మేనేజర్ టీమ్‌నంతా లంచ్‌కి పబ్‌కి తీసుకెళ్ళాడు. మెనూలో ఫ్రెంచ్ డిప్ అని కనిపిస్తే చిప్సూ, ముంచుకోవడానికి సాసూ ఇస్తారనుకుని మనవాడు అదే చెప్పాడు. వచ్చిందేమో పొడుగాటి బ్రెడ్డు, మధ్యలో పల్చగా కోసిన మాంసం, పక్కన గిన్నెడు గోధుమరంగు నీళ్ళు. గిన్నెలో పల్చగా, పొగలు కక్కుతూ ఏది కనిపించినా మనకి చారే కదా. ఎత్తి గటగటా తాగేసి, మిరియాలు చాల్లేదని చెప్పి, ఇంకో గిన్నె తెమ్మన్నాడు. టేబుల్ చుట్టూ ఉన్నవాళ్ళంతా నోళ్ళు వెళ్ళబెట్టారు. మేనేజర్ నవ్వాపుకుంటూ బ్రెడ్డు అందులో ముంచుకు తినాలని చేసి చూపించాడు. రెండో గిన్నె వచ్చాక ముంచి తిన్నాడు. అదిగో, ఆ రోజు పట్టుకుంది పిచ్చి.

ఆ పిచ్చికి తోడు దొరికాడు రాజారావు. అదే డిపార్ట్‌మెంట్, వయసులో ఇరవయ్యేళ్ళు పెద్ద. ఊరి చుట్టూ ఇరవై అయిదు మైళ్ళలో ఫ్రెంచ్ డిప్ పెట్టే పబ్బులెన్నని వెతికితే నలభై ఒకటి తేలాయి. ఇంజనీర్లు కదా, తిని ఊరుకుంటారా? ఎక్సెల్ షీట్ ఒకటి తయారుచేశారు. బ్రెడ్డుకి పది, మాంసానికి పది, చారుకి పది. ఆ షీట్‌లో దాని పేరు చారే.

రఘువీర్‌కి ఒక్కటే పట్టుదల. తినకుండా మార్కులు వెయ్యకూడదు. ఆఫీసులో కూడా అంతే, తన కళ్ళతో టెస్టు చూడకుండా ఎంత పెద్దవాడు చెప్పినా సంతకం పెట్టేవాడు కాదు. ఒకసారి రాజారావు పన్నునొప్పితో బ్రెడ్డు కొరక్కుండా "ఆరు వేసుకోవయ్యా" అంటే, గంటసేపు కూర్చోబెట్టి మరీ కొరికించాడు.

ఉజ్వల మాంసం తినని ఇంట్లో పుట్టిన పిల్ల. రఘువీర్ తినే ఇంటివాడు. ఆ సంగతి ముందే అనుకుని పెళ్ళి చేసుకున్నారు కాబట్టి గొడవల్లేవు. శనివారాలు ఏం తింటున్నావని అడిగితే "టర్కీ" అనేవాడు. కోడికి పెద్దన్న అయ్యుంటుందిలే అని ఆవిడా సర్దుకుంది. అలా నాలుగేళ్ళు గడిచాయి. తీరా ఆ కొత్త సంవత్సరం తలో వంటకం తెచ్చుకునే పాట్‌లక్‌ విందులో రాజారావు భార్య పద్మజ గారు "మా ఆయనా మీ ఆయనా బీఫ్ మీద పీహెచ్‌డీ చేస్తున్నారు కదమ్మా" అని నవ్వుతూ అనేసింది.

ఆ తర్వాతి శనివారం రఘువీర్ కోటు వేసుకుని బయల్దేరుతుంటే ఉజ్వల గుమ్మం దగ్గర నిలబడింది.

"తిన్నందుకు కాదు రఘూ. నాలుగేళ్ళు నా మొహం చూస్తూ టర్కీ అన్నావు చూడు, అందుకు."

అతను తల దించుకుని బూట్లు చూసుకున్నాడు. "రాజారావు గారు వెయిట్ చేస్తుంటారు. ఇదొక్కటీ చూసి వస్తాను. వచ్చాక మాట్లాడుకుందాం."

"ఆ వాసనేసుకుని మాత్రం ఇంటికి రాకు" అంది ఉజ్వల.

రాలేదు. మిల్‌ఫర్డ్‌లోని పబ్బుకి వెళ్ళే దారిలో మంచుకి కారు జారి చెట్టుకి కొట్టుకుంది. అతను ఆ పబ్బు చేరనే లేదు.

మార్చిలో ఒక శనివారం మధ్యాహ్నం రాజారావు ఫోన్ చేశాడు. మనసు బాగాలేక, జాబితాలో మిగిలినవాటిలో ఒక పబ్బుకి ఒక్కడే వెళ్ళాడట. మిల్‌ఫర్డ్ వైపు పోవడానికి కాళ్ళు రాక దాన్ని ఆఖరికి నెట్టేశాడు.

"అమ్మా ఉజ్వలా, రఘు ఇక్కడే ఉన్నాడమ్మా. నా ఎదురుగానే కూర్చున్నాడు. చారుకి ఆరే వేశాడు."

"కోటు వేసుకున్నాడా?" అని అడిగింది ఉజ్వల.

"వేసుకున్నాడు. భుజాల మీద మంచు కూడా ఉంది."

"సరే, తిన్నాక మీతో పాటు ఇంటికి తీసుకురండి."

రాజారావు శతవిధాలా చూశాడు. రఘువీర్ పార్కింగ్ లాట్ దాకా వస్తాడు. కారు తలుపు తీస్తే, ఎక్కబోయి ఆగి, తన కోటు చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసుకుంటాడు. తల అడ్డంగా ఊపి, కార్ల మధ్య నుంచి నడుచుకుంటూ వెళ్ళిపోతాడు. మూడు పబ్బుల్లోనూ అదే వరస. మార్కులు వేసేసిన పబ్బుకి మళ్ళీ రాడు. అదీ ఆయన పరీక్షించి చూశాడు, క్వాలిటీ మనిషి కదా.

"నాతో తిండి సంగతి తప్ప ఇంకోటి మాట్లాడటం లేదమ్మా. నువ్వెళ్ళు, నీతోనన్నా ఒక మాట అంటాడేమో" అన్నాడు చివరికి.

అలా ఏప్రిల్ నుంచి ఉజ్వల వెళ్ళడం మొదలుపెట్టింది. తనకి కాఫీ, అతనికి ఫ్రెంచ్ డిప్. వెయిట్రెస్ అతని కుర్చీలో ముందే ఒక తువ్వాలు పరుస్తుంది. మంచు కరిగి కింద పడితే ఎవరైనా జారిపడతారు కదా. అతను తలుపు తోసుకుని వచ్చి, ఎదురుగా కూర్చుని, కొరికి, ముంచి, మళ్ళీ కొరికి, కళ్ళు మూసుకుని ఆలోచిస్తాడు. అతని చలికి ఎదురుగా ఉన్న ఉజ్వల వేళ్ళు కొంకర్లు పోతాయి. కాఫీ కప్పు రెండు చేతులా పట్టుకుని కూర్చుంటుంది.

"ఇంటికి రా రఘూ."

"బ్రెడ్డు ఆరు. మాంసం ఏడు."

"నేను కోపంలో అన్నాను. ఆ మాటే పట్టుకుని కూర్చుంటావా?"

"చారులో ఉప్పెక్కువ. నాలుగు."

ఏడుపొచ్చేది ఆవిడకి. ఏడుస్తూనే లాప్‌టాప్ తెరిచి షీట్‌లో ఆరు, ఏడు, నాలుగు ఎక్కించేది. అతను న్యాప్‌కిన్‌తో చేతులు ముందూ వెనకా తుడుచుకుని లేచేవాడు. కారు దాకా వచ్చేవాడు. చెయ్యి వాసన చూసుకునేవాడు, వెళ్ళిపోయేవాడు. ఇంట్లో అతని చెప్పులు గుమ్మం పక్కన అలాగే ఉన్నాయి. రాత్రి పడుకునే ముందు ఉజ్వల తలుపు గడియ పెట్టడం మానేసింది.

జూలై వచ్చేసరికి ఆవిడ వెళ్ళినవి ఏడు పబ్బులు అయిపోయి మిల్‌ఫర్డ్ ఒక్కటే మిగిలింది. సరిగ్గా అప్పుడే ఉజ్వల ఆఫీసులో పిడుగు పడింది. మిషిగన్‌లో కార్ల వ్యాపారం కుదేలైంది, ఇక్కడి ఆఫీసు మూసేస్తున్నాం, టెక్సాస్‌లో ఫ్రిస్కోకి వచ్చేవాళ్ళు సోమవారంలోగా ఈమెయిల్ పెట్టండి అన్నారు. రానివాళ్ళకి ఉద్యోగం ఉండదు. ఉద్యోగం లేకపోతే వీసా ఉండదు. అపార్ట్‌మెంట్ లీజు కూడా నెలాఖరుకే అయిపోతోంది. శుక్రవారం సాయంత్రం రాజారావు ఇంటికొచ్చి సోఫాలో కూలబడ్డాడు.

"మెయిల్ పెట్టావా?"

"పెట్టలేదండీ."

"ఏం చేద్దామని?"

"నేను తాళాలు ఇచ్చేసి ఫ్రిస్కో పోతే తను ఎక్కడికొస్తాడండీ? ఈ ఇంటికి రావద్దని కదా నేనన్నది. ఈ ఇంటికే రావాలి."

"ఉద్యోగం పోతే ఎలాగూ ఇల్లుండదు కదమ్మా."

"తెలుసు. కానీ నేనై నేను తలుపేసుకుని వెళ్ళలేను. ఒకసారి చేసినదానికే ఇదీ నా బతుకు."

రాజారావు కళ్ళూ తడయ్యాయి. రేపు తనూ వస్తానన్నాడు. వద్దంది ఉజ్వల. ఆఖరిది, ఆలుమగలుగా వెళ్తాం అంది.

మిల్‌ఫర్డ్ దారి ఎండలో పచ్చగా ఉంది. ఆ చెట్టు ఏదో ఉజ్వలకి తెలుసు. అటు చూడకుండా రెండు చేతులూ స్టీరింగ్ మీద బిగించి దాటేసింది. పబ్బులో వెయిట్రెస్ కుర్చీ మీద అప్పటికే తువ్వాలు పరిచి ఉంచింది. జనవరి నుంచీ పరిచే ఉంచుతున్నామంది.

రఘువీర్ వచ్చి కూర్చున్నాడు. ప్లేటు వచ్చింది. గిన్నెలోంచి పొగ లేస్తోంది. అతను బ్రెడ్డు చేతిలోకి తీసుకోకముందే ఉజ్వల మొదలుపెట్టింది, ఇన్నాళ్ళూ వరసగా చెప్పలేకపోయిందంతా.

"నువ్వేం తింటే నాకేంటి రఘూ? అబద్ధం చెప్పావని ఉడుక్కున్నాను. నువ్వు చెప్పింది అబద్ధమే, నేనన్నది అంతకంటే పాపిష్టి మాట. సంజాయిషీ చెప్పుకుందామంటే నువ్వు ఎదురుగా ఉండి కూడా వినటం లేదు. సోమవారంతో నా ఉద్యోగం తేలిపోతుంది. నెలాఖరుకి ఇల్లు తేలిపోతుంది. ఇదయ్యాక నువ్వెక్కడ కనిపిస్తావో కూడా నాకు తెలీదు. నాకు భయమేస్తోంది. ఒక్కసారి ఇంటికి రా. తర్వాత నీ ఇష్టం."

అతను ప్లేటు వంక చూశాడు. చాలాసేపు చూశాడు. బ్రెడ్డు అంచులు కరకరలాడేట్టు కాల్చి ఉన్నాయి, మాంసం పొరలు పొరలుగా బయటికి వచ్చి ఉంది. నలభై ఒక్క పబ్బుల్లోనూ ఇదే మంచిదని రాజారావు ఎవరి దగ్గరో విన్నాడట కూడా.

"బ్రెడ్డు తొమ్మిది" అన్నాడు రఘువీర్. "మాంసం తొమ్మిది. చారు పది."

ఉజ్వల లాప్‌టాప్ మీద వేళ్ళు పెట్టి ఆగిపోయింది. ప్లేటు కదలలేదు. గిన్నెలో చారు నిండుగా ఉంది, మీద తేలే నూనె చుక్కలు కూడా చెదరలేదు. అతను కొరకలేదు. ముంచలేదు. వేలితో తాకను కూడా లేదు.

"తినలేదు కదా నువ్వు" అంది ఉజ్వల.

"రాసుకో."

రాసుకుంది. తొమ్మిది, తొమ్మిది, పది. అతను ఈసారి న్యాప్‌కిన్ ముట్టుకోలేదు. లేచి ఆవిడతో పాటు బయటికొచ్చాడు. కారు దగ్గర అలవాటుగా కోటు చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఒకసారి చూసుకున్నాడు, రెండోసారి చూసుకున్నాడు. తర్వాత తలుపు తీసుకుని ముందు సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకున్నాడు.

దారంతా కారు అద్దాలు లోపల్నుంచి మంచు పట్టేస్తుంటే ఉజ్వల ఒక చేత్తో తుడుస్తూ డ్రైవ్ చేసింది. ఆ చెట్టు దాటేటప్పుడు అతను నిద్రపోతున్నట్టు కళ్ళు మూసుకున్నాడు. మెట్లెక్కి, గుమ్మం ముందు ఆగి ఆవిడ మొహంలోకి చూశాడు.

"రా" అంది ఉజ్వల. "లోపలికి రా."

బూట్లు విప్పి, చెప్పుల పక్కన పెట్టి వచ్చాడు. పొద్దున వండిన అన్నం ఉంది, బెండకాయ వేపుడు ఉంది, పెరుగు ఉంది. వేడిచేసి పెట్టింది. అంతా కలుపుకుని తిన్నాడు, పళ్ళెం ఖాళీ చేశాడు. తిన్నాక సోఫాలో ఒరిగి, మోకాళ్ళు ముడుచుకున్నాడు.

"ఉజ్వలా, చలేస్తోంది" అన్నాడు.

ఏడు నెలల్లో తిండి గురించి కాక అతనన్న మొదటి మాట అది. ఉజ్వల లోపల్నుంచి రగ్గు తెచ్చి మెడ దాకా కప్పి, పాదాల కింద దోపింది. తలకి తన మఫ్లర్ చుట్టింది. "ఇంటికొచ్చావుగా, తగ్గిపోతుందిలే" అంది. నుదుటి మీద చెయ్యి వేసి, అక్కడే నేల మీద కూర్చుంది. చేతి కింద చలి కొద్దికొద్దిగా తగ్గుతూ వచ్చింది. కాసేపటికి చేతి కింద మఫ్లరూ రగ్గూ మాత్రమే ఉన్నాయి, తడిసి, గోరువెచ్చగా.

ఆవిడ ఏడ్చినంతసేపు ఏడ్చింది. రగ్గు ఉతకడానికి వేసి, నేల తుడిచి, లాప్‌టాప్ తెరిచి ఫ్రిస్కో వాళ్ళకి మెయిల్ పెట్టింది. అప్పుడు రాజారావుకి ఫోన్ చేసింది.

"మెయిల్ పెట్టానండీ. వచ్చే వారం బయల్దేరతాను."

"మంచి పని చేశావమ్మా." ఆయన ఆగాడు. "మరి రఘు?"

"ఇంటికొచ్చాడండీ. భోంచేశాడు."

"నీ వంటకి ఎన్నేశాడమ్మా?"

"ఏమీ వెయ్యలేదండీ" అంది ఉజ్వల. "తిని పడుకున్నాడు."