బండి అడిగినోళ్లు

రంపం మిషను దుంగలోని ముడికి తగిలి ఎగిరింది. ఎగిరి వీరబాబు తొడలో దిగింది. నాలుగు చెట్ల అవతల బెరడు ఒలుస్తున్న చిన్నక్కకు ముందు అరుపు వినపడలేదు. మిషను ఉన్నట్టుండి ఆగిపోయింది. పగలంతా చెవులు హోరెత్తించే చప్పుడు పనివేళ ఎందుకు ఆగిందా అని ఆమె తల తిప్పి చూసింది. వీరబాబు జామాయిల్ ఆకుల మీద కూలబడి, రెండు చేతులతో తొడ పట్టుకుని ఉన్నాడు. వేళ్ల సందుల్లోంచి నెత్తురు ఎగజిమ్ముతోంది.

"డబ్బా తేండి! మందుల డబ్బా తేండి!" అని కేకపెట్టి చిన్నక్క ఉరికింది.

డబ్బా ఉంది. లేకపోవడమేమిటి! సూపర్‌వైజరు బాలకృష్ణ కూర్చునే రేకుల షెడ్డులో, గోడకు కొట్టి, ఎర్ర ప్లస్సు గుర్తు వేసి ఉంది. పోయిన ఏడు తనిఖీకి ఆఫీసర్లు వస్తున్నారంటే తెచ్చి తగిలించారు. అప్పటినుంచి దానికి తాళం. బాలకృష్ణ జేబులన్నీ తడుముకుని తాళంచెవి తీసేసరికి కోయగూడెం మగవాళ్లు షెడ్డు చుట్టూ మూగారు. తలుపు తెరిస్తే లోపల ఎండిపోయిన టింక్చరు సీసా ఒకటి, ఎలుకలు కొరికిన దూది చుట్ట ఒకటి, బాలకృష్ణ రోజూ దేవుడి పటానికి వెలిగించుకునే అగర్బత్తీల కట్ట ఒకటి.

చిన్నక్క తలకు చుట్టుకున్న గుడ్డ విప్పి గాయం మీద కట్టింది. కట్టిన గుడ్డ కట్టినట్టే తడిసిపోయింది.

"సారు, బండి తియ్యి. జల్దీ తియ్యి."

షెడ్డు పక్కనే కంట్రాక్టరు బొలెరో నిలబడి ఉంది. బాలకృష్ణ దాని వైపు చూశాడు, వీరబాబు వైపు చూశాడు. బాలకృష్ణ మధిర నుంచి బతుకుతెరువు కోసం వచ్చినవాడు. చెడ్డవాడని ఎవరూ అనరు, భయస్తుడు.

"అయ్యగారిని అడగకుండా బండి తీస్తే నా ఉద్యోగం పోద్ది చిన్నక్కా. ఒక్క నిమిషం ఆగండి, ఫోన్ చేసి అడుగుతాను."

సిగ్నలు కోసం దిబ్బ ఎక్కాడు. దిగి వచ్చి తల దించుకుని చెప్పాడు. "నూట ఎనిమిదికి చేయమన్నారు. సీట్లు పాడైతాయంట."

నూట ఎనిమిది వచ్చింది. వాగుకు అవతలి ఒడ్డుకు వచ్చి ఆగింది. వాగు నడుము లోతు పారుతోంది. నులకమంచానికి కర్రలు కట్టి వీరబాబును భుజాల మీద మోశారు. చిన్నక్క తల దగ్గర నడుస్తూ అతన్ని మాట్లాడిస్తూనే ఉంది. "పొద్దున ఏం తిన్నవ్ రా? వనజ ఏం వండింది రా?" సగం దూరం దాకా వీరబాబు జవాబు చెప్పాడు. వాగులోకి దిగాక చెప్పలేదు. అవతలి ఒడ్డున అంబులెన్సు తెల్ల చొక్కా అతను మెడ మీద వేళ్లు పెట్టి చూశాడు. మళ్లీ చూశాడు. దుప్పటి ముఖం మీదికి లాగాడు.

సాయంత్రానికల్లా కంట్రాక్టరు మాట ఊళ్లో తిరిగింది. వీరబాబు తన కూలి కాడట, తోటలో దొంగకట్టెలు కొడుతూ తెగ్గోసుకున్నాడట. పోలీసుల ముందు అదే మాట బాలకృష్ణ చేత చెప్పించారు.

వీరబాబు దినకర్మ అయ్యాక గూడెమంతా అంగన్వాడీ ముందు కూర్చుంది. చిన్నక్క ఆడవాళ్ల ముఠాకు మేస్త్రి. ఆమే లేచి మాట్లాడాలని అందరూ చూశారు. ఆమెకు నోరు పెగల్లేదు. పెద్దవాడు పోతయ్య అందుకున్నాడు.

"సచ్చినోడు తిరిగొస్తడా? వాని రాత గట్లుంది. పని బందు పెడితె కంట్రాక్టరుకేంది, మన పొయ్యిల పిల్లి పండుకుంటది. పట్టా భూములు గుంజుకున్నరు, అడివిల అడుగు పెట్టనియ్యరు. ఈ తోట గూడ లేకుంటె ఏం తింటం?"

కొందరు తలలూపారు. అబద్ధమేం చెప్పలేదు మరి. అప్పటిదాకా గోడకు ఆనుకుని ఉన్న వనజ లేచి, జ్వరం మాత్రలు పంచడానికి వచ్చిన నర్సు బ్లెస్సీ ముందు నిలబడింది.

"అమ్మా, నువ్వు చెప్పు. నా మొగుడు బతికెటోడా?"

బ్లెస్సీ మాత్రల సంచి సర్దుకుంటూ ఉండిపోయింది. వనజ కదల్లేదు.

"బతికేవాడమ్మా," అంది చివరికి. "గాయానికి పైన గట్టిగా బిగించి కట్టి, అప్పటికప్పుడు బండిలో వేసి పంపితే బతికేవాడు. నేను అబద్ధం చెప్పలేను."

ఎవరూ ఏడవలేదు. రాత అనుకుంటే మనిషి ఏడ్చి ఊరుకుంటాడు. సీటుకు మరక పడుతుందని చంపారంటే ఎలా ఊరుకుంటాడు? చిన్నక్కకు అప్పుడు నోరు వచ్చింది.

"డబ్బా తాళం లేకుండ ఉండాలె, అండ్ల మందులుండాలె. మోసెటందుకు స్ట్రెచర్ ఉండాలె. పని అయ్యేదాంక బండి తోటల నిలవడాలె, ఎవల్ని అడగకుండ తియ్యాలె. గది ఇచ్చినంక గొడ్డలి పట్టుకుంటం. అంతదాంక ఒక్క దుంగ లారీ ఎక్కది."

"ఇయ్యకుంటె?" అన్నాడు పోతయ్య.

"ఇయ్యకుంటె ఇయ్యడు. ఓడిపోతె అడిగే ఓడిపోదాం."

ఆ మరునాటి నుంచి లారీలు ఆగాయి. గూడెం తోట దారికి అడ్డంగా కూర్చుంది. దుంగల ట్రాక్టరు నడిపే బిచ్యా కూడా తన తండా నుంచి వచ్చి వాళ్లతో కూర్చున్నాడు. బ్లెస్సీ డ్యూటీ అయ్యాక వచ్చి తువ్వాళ్లతో, కర్రపుల్లలతో కట్లు కట్టడం నేర్పింది. నెత్తురు కారితే ఎక్కడ బిగించాలో, పాము కరిస్తే ఎందుకు కోయకూడదో, కాలు కదలకుండా ఎలా పట్టుకోవాలో చూపించింది. ముసలమ్మలు ఒకరి కాలికి ఒకరు కట్టి నవ్వుకున్నారు. సమ్మెలో వాళ్లు నవ్వింది ఆ నాలుగు రోజులే.

కంట్రాక్టరు ఒకసారి వచ్చాడు. కారు అద్దం సగం దించి, "డబ్బా కావాలంటే పది డబ్బాలు కొనిపెడతా. బండి మాత్రం మీ బాబుది కాదు," అని వెళ్లిపోయాడు. తర్వాత పోలీసులు వచ్చారు. ఆ తర్వాత బ్లెస్సీకి బదిలీ కాగితం వచ్చింది. పోతూ పోతూ ఆమె తన సంచిలోని కట్టు గుడ్డలన్నీ చిన్నక్క ఒళ్లో కుమ్మరించింది. "ఇంతకు మించి నేనేం చేయలేకపోతున్నా అక్కా," అని కళ్లు తుడుచుకుంది.

ఆకలి తన పని తాను చేసింది. ముందు ఇద్దరు, తర్వాత ఇళ్లకు ఇళ్లే మధిర వైపు పత్తి ఏరడానికి పోయాయి. చిన్నక్క ఎవరినీ ఆపలేదు. ఆపి ఏం పెడుతుంది? దారి మీద కూర్చునేవాళ్లు రోజురోజుకూ పలచబడ్డారు. అప్పుడు సరిహద్దు అవతలి నుంచి లారీ నిండా కొత్త కూలీలు దిగారు. ముందు పోలీసు జీపు, వెనక పోలీసు జీపు. చిక్కిపోయిన మనుషులు, చంకల్లో పిల్లలు. ఒక్కరికీ తెలుగు రాదు.

"మన కూడు గుంజుకునెటోళ్లు," అని పోతయ్య వాళ్ల ముందర ఉమ్మేశాడు.

"వాళ్లకు కూడుంటె ఈడికెందుకొస్తరు మామా?" అంది చిన్నక్క. అంది కానీ ఆమెకూ వాళ్ల మీద కోపమే. రంపాలు మళ్లీ మోగుతుంటే దారి పక్కన కూర్చుని వినడం కన్నా హీనం ఇంకేముంటుంది? ఓడిపోయామని ఆమెకు తెలుసు. రేపో ఎల్లుండో లేచి ఇళ్లకు పోవాలని అందరికీ తెలుసు. ఆ మాట ముందు అనేవాళ్లే లేరు.

ఆ రోజుల్లోనే ఒక పొద్దున తోటలో కేకలు లేచాయి. జోగి అనే కొత్త కూలి బెరడు కుప్ప ఎత్తబోతే కింద రక్తపింజర ఉంది. చీలమండ పైన కరిచింది. ఆమె మొగుడు మాసా భార్యను వీపున వేసుకుని షెడ్డు వైపు పరుగెత్తుతున్నాడు. ఏమడగాలో అతనికి తెలుగులో రాదు. బొలెరో వైపు చేయి చూపిస్తున్నాడు, అంతే. బాలకృష్ణ అప్పటికే ఫోను పట్టుకుని దిబ్బ ఎక్కుతున్నాడు.

"చూడనియ్యి," అన్నాడు దారి మీద కూర్చున్నవాళ్లలో ఒకడు. "మన పని గుంజుకున్నందుకు బండి ఇస్తడేమొ చూడనియ్యి."

చిన్నక్క అప్పటికే లేచింది. కంచె దూకింది. ఆమె వెనక బిచ్యా. అతని వెనక, మోకాళ్లు పట్టుకుంటూ, పోతయ్య.

"ఉరికియ్యకు! కిందికి దించు!" చిన్నక్క కోయ మాటల్లో అరిచింది. వాళ్లదీ వీళ్లదీ యాస వేరు, భాష ఒకటే. మాసా ఆగిపోయాడు. ఎవరో బ్లేడు తీస్తే ఆమె లాగి విసిరేసింది. జోగి కాలును కర్రకు ఆనించి, బ్లెస్సీ ఇచ్చిన గుడ్డతో కదలకుండా చుట్టింది. బాలకృష్ణ దిగి వస్తూ, "అయ్యగారు ఫోన్ ఎత్తడం లేదు," అన్నాడు.

"తాళం ఇయ్యి."

"చిన్నక్కా, నా పిల్లలు..."

పోతయ్య అతని చేతులు వెనక్కి విరిచి పట్టుకున్నాడు. చిన్నక్క అతని జేబులోంచి తాళం తీసి బిచ్యాకు విసిరింది. వాగులో నీళ్లు అప్పటికి తగ్గాయి. బొలెరో నీళ్లు చిమ్ముకుంటూ దాటి తారు రోడ్డెక్కింది. దారి పొడుగునా చిన్నక్క జోగి కాలు కదలకుండా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. భద్రాచలం దవాఖానాలో సూదులు పడ్డాయి. మరునాటికి జోగి కళ్లు తెరిచింది.

అదే వేళకు పోలీసులు గూడేనికి వచ్చారు. బండి దోపిడీ, సూపర్‌వైజరు మీద దౌర్జన్యం అని కేసు. చిన్నక్కను, బిచ్యాను, పోతయ్యను స్టేషనుకు తెచ్చారు. సాక్ష్యానికి మాసాను, అతని ముఠాను కంట్రాక్టరే లారీలో ఎక్కించి తెచ్చి గేటు ముందు దించాడు. ఎస్సై అడిగేది మాసాకు తెలియదు, మాసా చెప్పేది ఎస్సైకి తెలియదు. రెండు భాషలూ వచ్చినవాళ్లెవరని వెతికితే చిన్నక్క, పోతయ్య తప్ప కనపడలేదు.

"నువ్వే చెప్పు," అన్నాడు ఎస్సై విసుగ్గా. "బండిని బలవంతంగా గుంజుకున్నదా లేదా? అవునా కాదా? అంతే అడుగు."

తన మీద సాక్ష్యం తానే అడగాల్సి వచ్చింది. చిన్నక్క ఉన్నదున్నట్టు అడిగింది.

"అవునంటే నీకేమైతది?" అన్నాడు మాసా.

"జైలు."

"కాదంటే?"

"అయినా జైలే. నీ పని కూడా పోతది. నీకు కూలి ఇయ్యరు, వెనక్కి తోలేస్తరు."

"ఏమంటున్నాడు?" అన్నాడు ఎస్సై.

"ఇంకా చెప్పలేదు సారు."

మాసా చిన్నక్క వైపు తిరిగాడు. "మీరు దారి మీద కూర్చుని అడిగేది ఏంది?" అన్నాడు. "మమ్మల్ని కొట్టడానికి కూర్చున్నరని చెప్పిన్రు."

చిన్నక్క చెప్పింది. డబ్బా సంగతి చెప్పింది, మోసే మంచం సంగతి చెప్పింది, బండి సంగతి చెప్పింది. వీరబాబు సంగతి పక్క నుంచి పోతయ్య అందుకుని చెప్పాడు.

మాసా ఎస్సై వైపు తిరిగి రెండు ముక్కలు అన్నాడు.

"ఆమె గుంజుకోలేదు, నేను అడిగితె తెచ్చింది అంటున్నడు," అంది చిన్నక్క. "బండి అడిగింది తనేనంట, తన పేరు గూడ రాసుకోమంటున్నడు."

ఎస్సై లేచి మాసాను మెడ పట్టి బయటికి నెట్టాడు. చిన్నక్కను, మిగతా ఇద్దరినీ వ్యాను ఎక్కించారు. గెలిచామని ఆమెకు ఒక్క క్షణం కూడా అనిపించలేదు. గూడెంలో పొయ్యిలు ఆరిపోయే ఉన్నాయి. బెయిలుకు వచ్చేవాళ్లు లేరు. కంట్రాక్టరు కారులో కూర్చుని ఫోనులో ఇంకో ముఠా గురించి మాట్లాడుతున్నాడు.

"లారీ ఎక్కండి! పనికి పదండి!" అని అతని మనిషి కొత్త కూలీలను అదిలించాడు.

మాసా ఎక్కలేదు. లారీకి ముందు, మట్టిలో, చతికిలబడి కూర్చున్నాడు. పిల్లను ఎత్తుకున్న ఒక ఆడమనిషి వచ్చి అతని పక్కన కూర్చుంది. తర్వాత ఇంకొకరు. ఒక్కొక్కరుగా ముఠా అంతా కూర్చుంది. వాళ్లకు నినాదాలు రావు. నోళ్లు తెరవకుండా కూర్చున్నారు. లాఠీలు లేచాయి.

వ్యాను కదిలింది. చిన్నక్క వెనక జాలీకి ముఖం ఆనించి చూసింది. దెబ్బలకు కొందరు లేచి పరుగెత్తారు. లేవకుండా ఎందరు మిగిలారో ఆమె చూసేలోపే మలుపు వచ్చింది.