ఇట్లు మీ అక్కయ్య

పదిహేడేళ్లుగా అతను మోకాళ్ల నొప్పుల తైలం కంపెనీ తరఫున ఉత్తరాలు రాస్తున్నాడు. నెలకొకటి, నలభై వేల ఇళ్లకు. కింద "ఇట్లు మీ అక్కయ్య" అని సంతకం. నిజానికి అక్కయ్యంటూ ఎవరూ లేరు. కిటికీ పక్కన కూర్చునే ఈ గుబురు మీసాల మనిషే అక్కయ్య. "మెట్లెక్కేటప్పుడు గోడ పట్టుకుంటున్నావా చెల్లీ?" అని మొదలుపెట్టాడంటే సీసాలకు సీసాలు అమ్ముడుపోయేవి.

ఇంట్లో మాత్రం అతనిది మూగనోము. తమతోనే ఉంటున్న అత్తగారితో రోజుకు రెండు ముక్కలు మాట్లాడితే గొప్ప.

ఓ ఆదివారం కళ్లజోడు వెతికిపెట్టమని ఆవిడ అడిగితే మంచం దగ్గర వంగాడు. కింద పదకొండు ఖాళీ తైలం సీసాలు. దిండు కింద అక్కయ్య ఉత్తరాలు, తేదీల వారీగా. ఆ తైలంలో వాసన తప్ప మరేమీ లేదని అతనికి తెలుసు. ఆగలేక, ఆ ఉత్తరాలు రాసేది తనేనని చెప్పేశాడు.

అత్తగారు అతన్ని జాలిగా చూశారు.

"మీరా బాబూ? పదేళ్ల నుంచి ఒకే ఇంట్లో ఉంటున్నాం. నా మోకాలెలా ఉందని ఒక్కసారైనా అడిగారా?"

మర్నాడు అతను కంపెనీ జాబితాలోంచి ఆవిడ పేరు తీయించేశాడు. రెండు నెలలు ఉత్తరం లేకపోయేసరికి ఆవిడ బెంగతో చిక్కిపోయారు.

మూడో నెల కంపెనీకి ఒక కవరొచ్చింది. తిరుగు టపా చేరేది అతని బల్ల మీదికే. చేతిరాత చూడగానే పోల్చుకున్నాడు. అక్కయ్యకు ఒంట్లో బాగాలేదేమోనని నాలుగు పేజీల పరామర్శ. మధ్యలో ఒక మాట: "మా అల్లుడు మంచివాడే అక్కయ్యా. మీ ఉత్తరాలు తనే రాస్తున్నానని చెప్పుకున్నాడు. నా మెప్పు కోసం కాబోలు."

అతను దాచేలోపే మేనేజరు వచ్చి అతని చేతిలోంచి లాక్కుని చదివాడు. అల్లుడి ముక్క తీసేసి, మిగతాదంతా ఉన్నదున్నట్టు అచ్చువేయించి ఇంటింటికీ పంపాడు. ఆర్డర్లు రెట్టింపయ్యాయి.

"ఇన్నేళ్లలో నువ్విలా ఒక్కటైనా రాశావా? ఈవిడెవరో పట్టుకో. ఇకమీదట ఈవిడే రాస్తుంది," అన్నాడు.

అలా అక్కయ్య ఉద్యోగం అత్తగారికి దక్కింది. అతనికి కవర్ల మీద చిరునామాలు సరిచూసే పని పడింది. అక్కయ్యకు నయమయ్యేదాకా ఆవిడ బదులు రాస్తున్నానని అత్తగారి నమ్మకం. ప్రతి నెలా ఉత్తరం అతని చేతికిచ్చి, అక్షరం మార్చొద్దని మరీ మరీ చెబుతారు. అతను బుద్ధిగా తల ఊపి, సంచీలో పెట్టుకుని ఆఫీసుకు బయల్దేరతాడు.