తువ్వాలు టీచరు

పాము పగ పన్నెండేళ్ళంటారు. కంకిపాడు రూతు టీచరుకు ఏడాది చాలింది.

నిరుడు చర్చి ఉజ్జీవ కూడికలకు ఆస్ట్రేలియా నుంచి ఒక బోధకుడు వచ్చాడు. ఆయన ప్రసంగం తర్జుమా చేసే భాగ్యం రూతుకు దక్కింది. సేద్యంలో దెబ్బతిన్న తన అన్న గురించి చెబుతూ ఆయన, అన్న 'త్రో ఇన్ ది టవల్' చేశాడన్నాడు. ఓటమి ఒప్పుకుని చేతులెత్తేశాడని దానర్థం. రూతుకు అది తెలియదు. "మా అన్న తువ్వాలు విసిరేశాడు" అంది.

కీబోర్డు వాయించే ఆమోసు, పాస్టరమ్మగారి తమ్ముడు, ఊరుకోవచ్చుగా? మైకులోనే "ఎవరి మీద పడిందక్కా?" అన్నాడు. పందిరంతా గొల్లున నవ్వింది. కన్నతల్లి తెరేసమ్మ కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. మర్నాటి నుంచి తర్జుమా ఆమోసుది, 'తువ్వాలు టీచరు' అన్న పేరు రూతుది. ఆ అర్థం ఆమోసుకు మాత్రం తెలిసి ఏడ్చిందా? బెంగుళూరులో రెండేళ్ళు ఉద్యోగం వెలగబెట్టాడు కదాని అందరూ నమ్మారు.

రూతు ఇంగ్లీషు జాతీయాల మీద పడింది. వంట చేస్తూ, బడికి బస్సులో వెళ్తూ ఫోనులో వినేది. గిన్నె వెళ్ళి కెటిల్‌ను నల్లదని వెక్కిరించిందని వాళ్ళంటే, మన గురివింద గింజే కదా అనుకుని, ఆ గింజకు ఆమోసు మొహం తగిలించేది. దయ్యానికీ సముద్రానికీ మధ్య చిక్కుకోవడమంటే ముందు నుయ్యి, వెనుక గొయ్యి. ఆ గొయ్యిలోనూ ఆమోసే. భక్తితో నేర్చుకుంటే ఇంత బాగా వచ్చేది కాదు, కసితో వచ్చింది.

ఈ ఏడు మళ్ళీ ఆ బోధకుడే వచ్చాడు. గన్నవరం విమానాశ్రయం నుంచి తీసుకురావడానికి పాస్టరుగారు రూతును కూడా కారెక్కించారు. దారిలో ఆమె ఇంగ్లీషులో, తేనె పూసినట్టు చెప్పింది. "మా ఆమోసుకు మీ జాతీయాలంటే ప్రాణమండీ. ఎన్ని వాడితే అంత పొంగిపోతాడు."

ఆ రాత్రి కూడికలో పెద్దమనిషి మొహమాటపడలేదు, జాతీయాలు దంచి కొట్టాడు. "నేను నమలలేనంత కొరికాను" అని తర్జుమా చేశాడు ఆమోసు. జనం మొహాలు చూసుకున్నారు. "గదిలో ఏనుగుంది" అన్నాడు. "ఏ గదిలో నాయనా?" అంది ముందు వరసలోంచి తెరేసమ్మ. మూడోదానికి అతను మైకు దించేశాడు. పాస్టరుగారు రూతుకు సైగ చేశారు.

ఆమె కుచ్చిళ్ళు సర్దుకుని, అతన్ని ఇంకాస్త ఉడకనిచ్చి, తాపీగా వేదికెక్కింది. "తలకు మించిన భారం నెత్తికెత్తుకున్నాను. అందరికీ కనబడుతున్నా ఎవరూ నోరెత్తని సంగతొకటుంది" అంటూ విప్పి చెబుతుంటే పందిరంతా చెవులప్పగించింది. రూతుకు కడుపు నిండిపోయింది.

చివర్లో బోధకుడు గొడ్డలిని పాతిపెట్టమన్నాడు.

"పగలు విడిచిపెట్టండి. ఎవరితో మాటల్లేవో ఇప్పుడే వెళ్ళి వాళ్ళ చేయి పట్టుకోండి" అని రూతు గొంతు వణికించి మరీ చెప్పింది. కాలవ నీళ్ళ దగ్గర కొట్టుకున్న అన్నదమ్ములు లేచి కావలించుకున్నారు. ఆడవాళ్ళు ఏడ్చారు. ఆమోసు కూడా కళ్ళు తుడుచుకుంటూ ఆమె ముందుకొచ్చి చేయి చాచాడు. "తప్పయిపోయింది రూతక్కా."

రూతు ఆ చేతిని చూసింది. జనం వైపు తిరిగింది.

"వెనకున్నవాళ్ళూ లేవండి, దేవుడు చూస్తున్నాడు" అని బోధకుడి తరవాతి మాటను చక్కగా తర్జుమా చేసింది.