పాత కార్డు మూయించిన బావగారు

అమలాపురంలో చీరల కొట్టు నడిపే రమణికి రెండు క్రెడిట్ కార్డులు ఉండేవి. లిమిట్ పెద్దదైన పాత కార్డు మీద బాకీ లేదు. లిమిట్ చిన్నదైన కొత్త కార్డు మాత్రం పెళ్ళిళ్ళ సరుకు కొన్న బాకీతో దాదాపు నిండిపోయింది.

ఆమె బావగారు కామేశ్వరరావుకి కార్డులంటే ఒళ్ళు మంట. ఓ రోజు కొట్టుకొచ్చి, చీరలు చూస్తున్న ఆడవాళ్ళ ముందే విరుచుకుపడ్డాడు.

"మా తమ్ముణ్ణి వీధిలో పెడతావా? ముందా పాత కార్డు మూయించు!"

ఆయన పోరు పడలేక రమణి దాన్ని మూయించేసింది.

కొన్నాళ్ళకి ఆయనే కొబ్బరికాయల లారీ కొనాలని, అప్పుకి రమణిని జామీను ఉండమని బ్యాంకుకి తీసుకెళ్ళాడు. మేనేజరు పెదవి విరిచాడు.

"ఈవిడ క్రెడిట్ స్కోరు పడిపోయిందండీ. పాత కార్డు తీసేయడంతో మొత్తం లిమిట్ తగ్గిపోయింది. బాకీ పెరక్కపోయినా, ఉన్న లిమిటంతా వాడేసినట్టు లెక్కండీ."

కామేశ్వరరావు ఆమె మీదికి తిరిగాడు. "ఎక్కడో ఎగ్గొట్టి ఉంటావ్!"

రమణి ఆయన వైపు తిరిగింది. గొంతు తగ్గించలేదు.

"ఒక్క వాయిదా కూడా ఎగ్గొట్టలేదండీ. మీరు మూయించేరు, నేను మూసేను."

"ఆ బాకీ తగ్గిస్తే స్కోరు మళ్ళీ పెరుగుతుందమ్మా," అన్నాడు మేనేజరు సర్దిచెబుతూ.

"ఆయ్, తగ్గిస్తానండీ. కానీ స్కోరు పెరిగినా ఈయనకి మాత్రం సంతకం పెట్టను."

ఆమె ఒక్కతే ఆటో ఎక్కి కొట్టుకి వెళ్ళిపోయింది. దసరా నాటికి బాకీ తీర్చేసింది. కామేశ్వరరావు మళ్ళీ ఆ కొట్టు గడప తొక్కలేదు. ఆమె కూడా పిలవలేదు.